అడుగనిదే సమాధానము రాదు



మన సంఘములలో 'సమాధానము' అనే మాట వినబడని ఆదివారము ఉండదు. ఆరాధన ముగిసిన పిమ్మట ఆ మాటతోనే ఒకరినొకరు పలుకరించుకొని ఇళ్ళకు వెళ్తాము. మరునాడు బడిలో మన పిల్లలు అదే మాటను వేరొక అర్థముతో వాడతారు. పంతులుగారు ప్రశ్న అడుగుతారు, పిల్లవాడు సమాధానము చెబుతాడు. ఒకచోట శాంతి, ఇంకొకచోట జవాబు. ఈ నెల మేము వ్రాయదలచినది ఈ రెండింటికి మధ్య ఉన్న చుట్టరికమును గురించి. జగడము ఉన్న ఊరికి ఎవరైనా వెళ్ళి, ఓపికగా ప్రశ్నలు అడిగి, చెప్పినది చెప్పినట్టు వ్రాసుకొని, ఆ కాగితములతో రెండు పక్షముల మధ్య నిలబడితే ఏమవుతుంది? అట్టి పని మన రాష్ట్రములోనే జరిగినది. దాని సంగతి మన పల్లెల వారు తెలిసికొనుట మంచిదని మా ఉద్దేశము.

ఇది మన తీరమునకు పరాయి సంగతి కాదు. తుమ్మలపెంట, ఇసకపల్లి, మైపాడు మొదలుకొని దక్షిణాన పులికాట్ వరకు ఉన్న పాళెములలో జరిగే తంతు మీకు తెలిసినదే. కడలూరు వైపు నుండి మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. మనవారి వలలు తెగుతాయి. మనవారు కోపముతో బోట్లను చుట్టుముట్టి ఒడ్డుకు తెస్తారు. పోలీసువారు, మత్స్యశాఖవారు, రెండు వైపుల పెద్దలు వస్తారు. ఏదో ఒక సొమ్ము మాట్లాడుకొంటారు, బోట్లు వెళ్ళిపోతాయి. కొంతకాలమునకు మరల అదే తంతు. తగవు తీరిందని అందరము అనుకొంటాము గాని అది నిద్రపోయింది, అంతే.

నెల్లూరు ఎరిగిన కలెక్టరు

ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు మన జిల్లాలో పెద్దవారు కొందరికి జ్ఞాపకము ఉండును. 1934లో పుట్టిన తమిళుడు. ఐ.ఏ.ఎస్. అధికారిగా మన రాష్ట్రమునకు వచ్చి, నెల్లూరు జిల్లా కలెక్టరుగా కూడ పనిచేశారు. పెండ్లి చేసికొనలేదు, ఆస్తి కూడబెట్టలేదు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినపుడు దానిని కాగితము మీద ఉంచక పల్లెలకు తీసికొనిపోయిన అధికారి ఆయన. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా విరమించిన తరువాత హైదరాబాదులో చిన్న ఇంటిలో సాధారణముగా జీవించారు. 2005లో ప్రభుత్వము పద్మభూషణ్ ప్రకటిస్తే స్వీకరించలేదు. 2010 అక్టోబరు 7న కన్నుమూశారు.

1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ నక్సలైట్లు కొందరు ఐ.ఏ.ఎస్. అధికారులను అపహరించారు. వారిలో శంకరన్ గారు ఒకరు. జైలులో ఉన్న తమవారిని విడిపించుకొన్న తరువాతనే నక్సలైట్లు ఆ అధికారులను వదలిపెట్టారు. మరొకరైతే ఆ పేరు వినుటకు కూడ ఇష్టపడేవారు కారు. పదేండ్లు గడచిన పిమ్మట, 1997లో, ఆ నక్సలైట్లకు ప్రభుత్వమునకు మధ్య జరుగుతున్న చంపుడు ఆపాలని కొందరితో కలిసి నడుము కట్టినవాడు ఆయనే.

ఆ గుంపునకు పౌర స్పందన వేదిక అని పేరు. ఆంగ్లములో కమిటీ ఆఫ్ కన్సర్న్‌డ్ సిటిజన్స్ అన్నారు. న్యాయవాది కె.జి. కన్నబిరాన్, పత్రికా సంపాదకులు పొత్తూరి వెంకటేశ్వరరావు, హైదరాబాదు విశ్వవిద్యాలయములో రాజనీతి చెప్పిన జి. హరగోపాల్, ఆర్థికశాస్త్రము చెప్పిన డి. నరసింహారెడ్డి మొదలైనవారు అందులో ఉన్నారు. వీరికి పదవి లేదు, పోలీసు బలము లేదు, తుపాకి లేదు. ఉన్నదల్లా పల్లెలకు వెళ్ళే కాళ్ళు, వినే చెవులు, వ్రాసే కలము.

రెండిండ్ల దుఃఖము ఒకే పుస్తకములో

ఆ కాలపు పరిస్థితి చిన్నవారికి తెలియదు గనుక రెండు మాటలు చెబుతాము. పీపుల్స్‌వార్‌ను 1992లో రాష్ట్ర ప్రభుత్వము నిషేధించినది. తెలంగాణ జిల్లాలలో ఒక ప్రక్క ఎన్‌కౌంటర్లు, ఇంకొక ప్రక్క ఇన్‌ఫార్మర్ అనే ముద్ర వేసి చంపుటలు, మందుపాతరలు. రాత్రి దళము వచ్చి అన్నము పెట్టమంటే పెట్టాలి. తెల్లవారి పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావంటే జవాబు చెప్పాలి. నడుమ నలిగినది బీద రైతు, కూలి, గిరిజనుడు. చచ్చినవాడు దళములో ఉన్నా, పోలీసు బట్టలలో ఉన్నా, సాధారణముగా బీదయింటి బిడ్డే.

వేదికవారు కరీంనగర్, వరంగల్ వంటి జిల్లాలకు వెళ్ళారు. ఎన్‌కౌంటరులో కొడుకును పోగొట్టుకొన్న తల్లి దగ్గర కూర్చున్నారు. నక్సలైట్లు చంపిన మనిషి భార్య దగ్గర కూడ కూర్చున్నారు. బహిరంగ సభలు పెట్టి, భయము లేకుండ మాట్లాడుమని జనమును పిలిచారు. విన్నదంతయు నివేదికలుగా వ్రాసి అచ్చువేశారు. ముఖ్యమంత్రికి ఉత్తరము వ్రాశారు, నక్సలైటు పార్టీకి కూడ వ్రాశారు. ప్రభుత్వముతో, 'ఇది పోలీసులతో తీరే సమస్య కాదు, భూమి, కూలి, గౌరవము అనే ప్రశ్నలు దీని క్రింద ఉన్నవి, చట్టమును మీరే అతిక్రమించరాదు' అన్నారు. పార్టీతో, 'ప్రజల పేరున మీరు చేసే హత్యలకు ప్రజలకే జవాబు చెప్పాలి, మనుష్యుని బ్రదుకు హక్కు అందరికి ఒక్కటే' అన్నారు.

ఇందులో మనము గమనించవలసినది ఒకటున్నది. విశ్వవిద్యాలయములవారు పల్లెలకు వచ్చి ప్రశ్నలు అడుగుట క్రొత్త కాదు. వ్రాసికొని వెళ్తారు, పుస్తకము వేస్తారు, ఊరు ఎప్పటివలెనే ఉంటుంది. శాంతి సభలు పెట్టేవారు కూడ క్రొత్త కాదు. వారు వచ్చి మంచి మాటలు చెబుతారు గాని ఊరి సంగతి వారికి తెలియదు. వేదిక చేసినదేమనగా, ఈ రెండు పనులను విడదీయలేదు. విన్నదానిని విన్నవారి మేలునకే వాడింది. వాస్తవము తెలియకుండ రాజీ మాట్లాడలేదు, వాస్తవము తెలిసిన తరువాత ఇంటికి పోయి కూర్చోలేదు.

దీని వలన రెండు వైపుల నుండి మాటపడ్డారు. ప్రభుత్వపు మనుష్యులు కొందరు వీరిని నక్సలైట్లకు వత్తాసు అన్నారు, అటువైపు వారికి వీరి విమర్శ రుచించలేదు. మధ్య నిలబడేవానికి ఇది తప్పదు. ఒక్కవైపు నుండే తిట్లు వస్తుంటే మాత్రము, తాను నిజముగా మధ్యలో ఉన్నాడా అని అతడు చూచుకొనవలెను.

చర్చల బల్ల దగ్గర

ఇట్లు ఏడేండ్లు గడచినవి. 2002లో మాటలు మొదలై ఆగిపోయినవి. 2003 అక్టోబరు 1న తిరుపతి దగ్గర అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారి మీద మందుపాతర దాడి జరిగినది, ఆయన బ్రతికి బయటపడ్డారు. 2004 ఎన్నికలలో ప్రభుత్వము మారినది. జూన్ నుండి ఇరువైపుల కాల్పులు ఆగినవి, జూలైలో నిషేధము గడువు తీరి పోయినది. అక్టోబరులో నల్లమల అడవి నుండి రామకృష్ణ మొదలైన నాయకులు బహిరంగముగా బయటికి వచ్చి, గుంటూరు జిల్లా గుత్తికొండ బిలము దగ్గర సభలో మాట్లాడి, హైదరాబాదుకు వెళ్ళారు. అక్టోబరు 15 నుండి 18 వరకు ప్రభుత్వముతో చర్చలు జరిగినవి. హోం మంత్రి జానారెడ్డి గారు ప్రభుత్వపు ప్రక్క కూర్చున్నారు. నడుమ కూర్చున్నవారిలో శంకరన్ గారు, వేదికవారు ఉన్నారు. సాయుధులైన నక్సలైట్లు, ఒక రాష్ట్ర ప్రభుత్వము ఇట్లు ముఖాముఖి కూర్చొనుట మన దేశములో అంతకుముందు లేదు.

కాని ఆ శాంతి నిలువలేదు. ఆయుధములతో ఊళ్ళలో తిరుగుట మీద వాదము పెరిగినది. రెండవ విడత చర్చలు జరుగనే లేదు. 2005 జనవరిలో మరల ఎన్‌కౌంటర్లు, మావోయిస్టులు చర్చల నుండి తప్పుకొన్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి గారిని, ఆయన కుమారుని, మరి కొందరిని కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధము మరల వచ్చినది.

అయితే ఆ ప్రయాసమంతా వ్యర్థమేనా? మేము అట్లు అనుకొనము. ఆ కొన్ని నెలలు పల్లెలలో తుపాకి చప్పుడు బాగా తగ్గినది. ఆ నెలలలో చావకుండ మిగిలినవారు ఎవరో మనకు తెలియదు గాని, మిగిలినారు. భూమి ప్రశ్న చర్చల బల్ల మీదికి వచ్చినది. ఆ పిమ్మట ప్రభుత్వము కోనేరు రంగారావు గారి అధ్యక్షతన వేసిన భూమి కమిటీ 2006లో 104 సిఫారసులు చేసినది. వేదికవారు సంపాదించిన నమ్మకము కూడ ఊరక పోలేదు. 2011లో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టరు వినీల్ కృష్ణ గారిని, 2012లో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మీనన్ గారిని మావోయిస్టులు అపహరించినపుడు మధ్యవర్తులలో హరగోపాల్ గారు ఉన్నారు. ఇద్దరును ప్రాణముతో ఇంటికి చేరారు. పది పదిహేనేండ్ల క్రితము పల్లెలలో నడచిన నడక ఆ దినమున పనికి వచ్చినది.

మరొక తీరములో సంఘ పెద్దలు

ఇట్టి పని సంఘ పెద్దలు చేసిన చోటు కూడ ఉన్నది. మధ్య అమెరికాలో నికరాగువా అనే చిన్న దేశము. దాని తూర్పు తీరమున మిస్కీతో అనే ఆదివాసులు ఉన్నారు. చేపల వేట వారి జీవనములో భాగము, వారిలో చాలమంది మొరేవియన్ సంఘస్థులు. 1980లలో వారికి అక్కడి ప్రభుత్వమునకు యుద్ధము జరిగినది. మొరేవియన్ సంఘ నాయకులు మధ్యవర్తులైనారు. వారికి తోడుగా జాన్ పాల్ లెడరాక్ అనే మెన్నోనైట్ విశ్వాసి, పరిశోధకుడు, పనిచేశాడు. ఊరూర సభ పెట్టినపుడు అక్కడివారు 85వ కీర్తన చదివేవారట. సత్యము, కృప, నీతి, సమాధానము అనే నాలుగు ఆ కీర్తనలో కలిసికొంటాయి. లెడరాక్ ఆ నలుగురిని నాలుగు మనుష్యులవలె కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఏమి కావలెనో అడుగుట తరువాత అనేక దేశములలో నేర్పాడు. సత్యము లేని కృప మరుగుపరచుట అవుతుంది. నీతి లేని సమాధానము నోరు నొక్కుట అవుతుంది.

ఆయన 1995లో వ్రాసిన పుస్తకములో ఇంకొక మాట ఉన్నది. బయటివాడు సిద్ధము చేసిన పద్ధతిని పట్టుకొని రాగూడదు, 'మీ ఊళ్ళో తగవు వస్తే మీరు ఏమి చేస్తారు' అని ముందు అడుగవలెను అన్నది దాని సారము. మన తీరమునకు ఈ మాట చక్కగా సరిపోతుంది.

మన తీరము సంగతి

ఎందుకనగా మన పాళెములకు తమ సొంత కట్టుబాట్లు ఉన్నవి. పెద్దలు కూర్చొని దురాయి వేస్తే ఊరంతా దానికి లోబడుతుంది. మార్టెన్ బావింక్ అనే డచ్చి పరిశోధకుడు 1990లలో చెన్నై ప్రాంతపు మత్స్యకార పల్లెలలో ఉండి పరిశీలించి, 2001లో పుస్తకము వ్రాశాడు. సముద్రము మీద ప్రభుత్వ చట్టము ఒక్కటే లేదు, ఊరి చట్టము కూడ నడుస్తున్నది, మరబోట్ల వారికి ఇంకొక లెక్క ఉన్నది, ఈ లెక్కలు కలియనిచోట తగవు పుడుతుంది అని చూపించాడు.

మన సంగతిలోనే చూడండి. 1983లో తమిళనాడు చేసిన చట్టము మరబోట్లను ఒడ్డు నుండి 3 నాటికల్ మైళ్ళ లోపలికి రావద్దన్నది. అంటే సుమారు అయిదున్నర కిలోమీటర్లు. 1994 నాటి మన రాష్ట్ర చట్టము క్రింద గీత 8 కిలోమీటర్ల దగ్గర ఉన్నది. ఆ కాలమున అక్కడి బోటువాడు ఆరు కిలోమీటర్ల దూరములో వల లాగితే, తన ఊరి లెక్కలో తప్పు చేయలేదు. మన లెక్కలో దొంగ. ఇద్దరును నిజమే చెబుతున్నామని ప్రమాణము చేయగలరు. ఇట్టి తగవులో అరుపులు పనికిరావు. బోటు ఎక్కడ ఉన్నది, ఎన్ని బారల లోతు, ఒడ్డు నుండి ఎంత దూరము అని కొలిచి వ్రాసినది ఒక్కటే పనికి వస్తుంది.

పులికాట్ సరస్సులో, మనవారు ప్రళయకావేరి అనే దానిలో, తమిళ ప్రక్క మత్స్యకారులకు 'పాడు' అనే పద్ధతి తరతరములుగా ఉన్నది. చేపలు బాగా పడే చోట్లను వంతుల ప్రకారము, చీట్లు వేసి పంచుకొంటారు. ఒకరి వంతు నాడు మరొకరు వల వేయరు. ఏ కోర్టు నేర్పని శాంతి పాఠమిది. కాని దీనిలో ఒక చిక్కు ఉన్నది. ఆ వంతులు ఒక కులములోని కుటుంబములకే. దళితులు, ఇతరులు బయట మిగిలారు, తగవులు అక్కడ నుండి వచ్చినవి. మన జిల్లాలో యానాదుల సంగతి తలంచండి. కాలువలలో, మడుగులలో చేతితో చేపలు పట్టి బ్రదికే ఆ కుటుంబములను ఏ పంచాయతీలో ఎవరు పిలిచి అడిగారు? పదిమంది ఒప్పుకొన్న ఒప్పందము పదకొండవవానిని అడుగకుండ వ్రాస్తే, అది పదిమందికే సమాధానము.

రాజీ వేరు, సమాధానము వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. అప్పట్లో మన ప్రక్క జిల్లా ప్రకాశములో ఉన్న కారంచేడులో 1985 జూలై 17న దళితుల మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చినది. ఇరువది మూడేండ్లు! ఇట్టి చోట 'అయినదేదో అయినది, కలిసిపోండి' అనుట సమాధానపరచుట కాదు. బలవంతుడు బలహీనునికి చెప్పే ఆజ్ఞ అది. నేరము జరిగినపుడు పోలీసు కేసు, కోర్టు తమ పని చేయవలసినదే. సమాధానపరచువాడు సాక్ష్యమును మాపరాదు, సాక్షిని బెదరనీయరాదు. అతని పుస్తకము కోర్టునకు బదులు కాదు. కోర్టు తీర్పు వచ్చిన తరువాత కూడ ఒకే బావిలో నీళ్ళు తోడుకొనవలసిన జనము కొరకు ఆ పుస్తకము.

సంఘములు చేయదగినది

మన సంఘములలో చదువుకొన్న యౌవనులు ఉన్నారు, ఓపికగల స్త్రీలు ఉన్నారు, మాట చెల్లే పెద్దలు ఉన్నారు. ఊరిలో గాని, ప్రక్క పాళెముతో గాని తగవు లేచినపుడు ఈ పని చేయవచ్చును.

మొదట, ఇద్దరు కలిసి వెళ్ళవలెను. ఇద్దరు రెండు పక్షములకు చెందినవారైతే మరి మంచిది. గీతల నోటు పుస్తకము ఒకటి చాలును. ఏమి జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, నీవు కన్నులతో చూచినదేది, ఒకరు చెబితే విన్నదేది, పోయినదేమిటి అని అడిగి వ్రాయండి. చూచినదానిని, విన్నదానిని వేరువేరు పుటలలో వ్రాయండి. సగము తగవులు విన్నమాటల మీదనే నడుస్తాయి.

రెండవది, బుట్ట నెత్తిన పెట్టుకొని సంతకు వెళ్ళే స్త్రీలను తప్పక అడగండి. వల తెగిన రోజున ఆ ఇంటిలో పొయ్యి వెలిగిందో లేదో, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారో వారికే తెలుసు. పంచాయతీలో మాత్రము వారి గొంతు వినబడదు.

మూడవది, వ్రాసినదానిని చెప్పినవారికే చదివి వినిపించండి. 'నేను ఇట్లు అనలేదు' అంటే దిద్దండి. పేరు బయటపడితే కీడు కలుగునని ఎవరైనా భయపడితే పేరు వ్రాయవద్దు. ఎవరి మాట ఎవరి దగ్గర చెప్పరాదో ఎరిగి ఉండుట ఈ పనిలో అన్నిటికంటె ముఖ్యము.

నాలుగవది, ఒకే కాగితమును రెండు పక్షములకు ఇవ్వండి. వీరికొక మాట వారికొక మాట చెప్పి సంధి చేసినవాని పరువు ఒక్క వారము కూడ నిలువదు.

అయిదవది, ఒప్పందము కుదిరిన నాటితో పుస్తకము మూయవద్దు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున మరబోట్ల వేట నిషేధము ఉంటుంది. బోట్లు ఒడ్డున ఉండి, కోపములు కొంత చల్లారే ఆ 61 రోజులు పాత ఒప్పందములను తీసి చూచుకొనుటకు మంచి కాలము. తగవు లేచిన దినమున మాట్లాడుట కష్టము, లేని దినమున మాట్లాడుట సులభము.

ఇది ఒక నెలలో ఫలించే పని కాదు. శంకరన్ గారు, వేదికవారు ఏడేండ్లు తిరిగితే నాలుగు దినముల చర్చ దొరికినది. అయినను ఆ నాలుగు దినములు ఊరక రాలేదు, అడిగిన ప్రశ్నలలో నుండి వచ్చినవి.

మీ పల్లెలో ఏదైన పాత తగవు పోలీసు స్టేషను ఎక్కకుండ, ఎవరి నోరు నొక్కకుండ తీరిన సంగతి ఉంటే, ఎవరు ఏమి అడిగారో, ఎట్లు తీరిందో మాకు వ్రాయండి. పేర్లు అవసరము లేదు. తగిన వాటిని రాబోవు నెలలలో ఈ పుటలోనే వేస్తాము.